సోమవారం మార్కులు

ఆ వీధిలో ఎవరి కంప్యూటరు మొరాయించినా మొదట పిలిచేది సీఐడీనే. ఆయనకి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి లేకపోలేదు గానీ అది కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనపడదు. పోలీసులకీ ఆయనకీ ఏ చుట్టరికమూ లేదు. కంప్యూటర్లు, ప్రింటర్లు బాగుచేసుకుని బతికే మనిషి. అనుమానం మాత్రం పుట్టుకతోనే వెంటబెట్టుకుని వచ్చాడని ఆయన భార్య అంటుంది.

వేరే మెకానిక్కులు వచ్చి "ఏమైందండీ?" అని అడుగుతారు. సీఐడీ గుమ్మంలో చెప్పులు విప్పుతూనే "ఏం చేశారు?" అంటాడు. ఆ ఒక్క మాటకే సగంమంది నీళ్ళు నములుతారు. "నేనేం చేయలేదండీ, దానంతటదే ఆగిపోయింది" అన్నది ఆయన ముప్పై ఏళ్ళుగా వింటున్న పాట. దానంతటదే ఆగిపోయిన కీబోర్డుని ఒకసారి తిరగేస్తే చెంచాడు టీ కారింది. దానంతటదే కాగితం మింగడం మానేసిన ప్రింటరు కడుపులోంచి జుట్టు క్లిప్పు బయటపడింది. ఇంటర్నెట్టు రావట్లేదని మూడు రోజులు గగ్గోలు పెట్టిన లాయరుగారి ఆఫీసులో చూస్తే, ఎవరో ఫోను ఛార్జింగు పెట్టుకోవడానికి రౌటరు ప్లగ్గు పీకి పక్కన పడేశారు. పీకిందెవరని అడిగితే లాయరుగారితో సహా అందరూ గోడకేసి చూశారు. మానిటరు చచ్చిపోయిందని ఆటోలో వేసుకొచ్చిన ఒక పెద్దమనిషిది ఇంకా విడ్డూరం. తెర వెలుతురు తగ్గించే మీటని ఆయనే చివరిదాకా నొక్కి కూర్చున్నాడు.

ఇన్ని చూసిన మనిషి ఏ తీర్మానానికి వస్తాడు? యంత్రానికి అబద్ధమాడే తెలివి లేదు, మనిషికి ఆడకుండా ఉండే ఓపిక లేదు అని సీఐడీ ఏనాడో తేల్చేసుకున్నాడు. అందుకే మనుషులు చెప్పేది ఒక చెవితో వింటూ, యంత్రం చెప్పేదానికి రెండో చెవి, రెండు కళ్ళు కూడా ఇచ్చేవాడు. పనిలో అది బాగా కలిసొచ్చింది. ఇంట్లోనే కలిసిరాలేదు. పెళ్ళయిన కొత్తలో భార్య పుట్టింటినుంచి రెండు రోజులు ఆలస్యంగా వస్తే బస్సు టికెట్టు చూపించమన్నాడు. ఆవిడ టికెట్టు తీసి చేతిలో పెట్టి, ఆ తర్వాత మూడు నెలలు ఆయనతో మాట్లాడలేదు.

బజారులో అమ్మే కొత్త సామాన్ల మీద కూడా ఆయనకి నమ్మకం లేదు. పెట్టె మీద మెరుపే గానీ లోపల అంతా నకిలీ అంటాడు. ఆయన నమ్మకమంతా మంచం కింద ఉన్న ఒక పాత బిస్కెట్ల డబ్బా మీద. అందులో, ఎత్తి పారేయాల్సిన కంప్యూటర్లలోంచి ఆయన చేత్తో ఊడదీసుకున్న తీగలు, మరలు, చిన్న ఫ్యాన్లు, రూపాయి బిళ్ళంత బ్యాటరీలు ఉంటాయి. "ఇవి పదేళ్ళు పనిచేసి చూపించినవి. కొత్తవి ఏం చూపించాయి?" అని వాదిస్తాడు. ఆ వాదనలో తప్పు పట్టాలంటే ఆయన కన్నా ఎక్కువ ఓపిక ఉండాలి.

మూడు వీధుల అవతల ఒక ప్రైవేటు బడి ఉంది. తొమ్మిదేళ్ళుగా అక్కడి కంప్యూటర్లు సీఐడీయే చూస్తున్నాడు. ఉన్నవి రెండే. ఒకటి మెట్ల పక్కనున్న ఆఫీసు గదిలో గుమస్తా బల్ల మీద, రెండోది హెడ్మాస్టరు గదిలో. హెడ్మాస్టరు కూడా ఆ తానులో ముక్కే. టీచర్లు సినిమాలు చూస్తారని ఇంటర్నెట్టు పీకించేశాడు. ఆదివారం ఎవరో లోపలికొచ్చి ఫ్యాన్లు వేసుకుంటున్నారని, శనివారం సాయంత్రం తనే స్వయంగా కరెంటు మెయిను ఆపి, ఆ మెయిను ఉన్న గదికి తాళంవేసి ఇంటికెళ్ళేవాడు. ఇద్దరూ ఒకరిని చూసి ఒకరు ముచ్చటపడేవారు.

ఆ ఆఫీసు గదిలో పంతొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్న గుమస్తాని బడిలో అందరూ రిజిస్టరక్క అంటారు. నలభై దాటిన మనిషి. సుద్దముక్కల పెట్టె ఎప్పుడు తెరిచారు, గంట కొట్టే కర్ర ఎవరు తీసుకెళ్ళారు, అన్నీ ఒక పొడుగు పుస్తకంలో టైముతో సహా రాసిపెట్టుకుంటుంది. సీఐడీని "అన్నయ్యగారూ" అని పిలిచేది. ఆయన వస్తే బల్ల ఖాళీచేసి, కుర్చీ తుడిచి, తన పని పట్టుకుని వరండాలోకి వెళ్ళిపోయేది. పని చేసేటప్పుడు నెత్తిన నిలబడే జనాన్ని చూసి విసిగిపోయిన ఆయనకి అది ఎంతో హాయిగా ఉండేది. అయినా వెళ్ళేటప్పుడు తన సంచీ ఒకసారి తడిమి చూసుకునేవాడు, అది వేరే సంగతి.

రెండేళ్ళ కిందట గుమస్తా కంప్యూటరులో డిస్కు పోయి పిల్లల మార్కులన్నీ గంగలో కలిశాయి. అప్పుడు సీఐడీ రెండు కంప్యూటర్లనీ ఒక తీగతో కలిపి ఒక చిన్న ప్రోగ్రాము పెట్టాడు. పొద్దున్న రెండు కంప్యూటర్లూ వేయగానే అది రెండు చోట్లా ఉన్న మార్కుల ఫైళ్ళని పోల్చి చూస్తుంది. ఏ ఫైలు మీద తేదీ కొత్తగా ఉంటే దాన్ని ఉంచి, రెండో చోట ఉన్న పాతదాని మీద రాసేస్తుంది. ఒకటి చెడినా ఇంకొకటి ఉంటుంది. తరగతికో ఫైలు. అందరూ మెచ్చుకున్నారు. సీఐడీ కూడా తనని తాను మెచ్చుకున్నాడు, అది అరుదు.

అలాంటి చోట అర్ధసంవత్సరం పరీక్షలయ్యాక గొడవ మొదలైంది. కూడికలు తప్పుపడ్డాయని తల్లిదండ్రులు జవాబు కాగితాలు పట్టుకుని వస్తే, టీచర్లు సరిచూసి చీటీ రాసిస్తారు. గుమస్తా ఆ చీటీ ప్రకారం కంప్యూటరులో మార్కులు దిద్దాలి. వారం వారం చీటీలు వెళ్తున్నాయి. పదో తరగతి వాళ్ళ మార్కులు మాత్రం పాతవే వస్తున్నాయి. ఒకసారి కాదు, మూడు వారాలు వరసగా. రిజిస్టరక్క చెల్లెలి కూతురు కూడా ఆ పదో తరగతిలోనే చదువుతోంది. మంచి తెలివైన పిల్ల, మూడో ర్యాంకు. దిద్దిన మార్కులు నిలవనివాళ్ళలో ఆ పిల్లకి ముందున్న ఇద్దరూ ఉన్నారు. ఇక నోళ్ళు ఊరుకుంటాయా? నిప్పు లేనిదే పొగ రాదన్నారు.

బుధవారం హెడ్మాస్టరు సీఐడీని పిలిపించి, తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి చెప్పాడు. "నాకు కంప్యూటరు బాగవడం కాదండీ ముఖ్యం. చేసిందెవరో తెలియాలి. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, మీరు పట్టాలి."

ముప్పై ఏళ్ళ సర్వీసులో తన అసలు విద్యని గుర్తించి పని అప్పగించినవాడు ఈయనొక్కడే అని సీఐడీకి అనిపించింది. ఛాతీ కొంచెం ముందుకొచ్చింది కూడా.

ఆఫీసు గదిలో రిజిస్టరక్క మామూలుగానే కుర్చీ తుడిచి పెట్టింది. అడగకముందే చెప్పింది. సోమవారం పొద్దున్న వస్తూనే పదో తరగతి చీటీలు ఐదు ఎక్కించానని, మిగిలిన తరగతులవి మధ్యాహ్నం ఎక్కించానని, సాయంత్రం దాకా అన్నీ కళ్ళారా చూసుకున్నానని, మంగళవారం పొద్దున్నకి పదో తరగతివి మాత్రం మళ్ళీ పాతవైపోయాయని చెప్పింది. గొంతు వణకలేదు. వణకలేదు కాబట్టి సీఐడీకి ఇంకా అనుమానం వచ్చింది. వణికినా వచ్చేదే.

ఆయన ఫైళ్ళ తేదీలు తెరిచి చూశాడు. ఎనిమిదో తరగతి, సోమవారం మధ్యాహ్నం. తొమ్మిదో తరగతి, సోమవారం మధ్యాహ్నం. పదో తరగతి, శుక్రవారం సాయంత్రం నాలుగుంబావు. అంటే శుక్రవారం తర్వాత ఆ ఫైలుని ఎవరూ ముట్టుకోలేదన్నమాట. సోమవారం ఐదు చీటీలు ఎక్కించానన్న మనిషి ఎక్కించలేదన్నమాట. వల వేయకుండానే చేప వచ్చి ఒళ్ళో పడింది.

రిజిస్టరక్క తన పొడుగు పుస్తకం తెరిచి ఆయన ముందుకు జరిపింది. అందులో సోమవారం తొమ్మిదీ పదికి మొదలుపెట్టి ఏ పిల్లవాడికి ఏ మార్కు దిద్దిందో వరసగా ఉంది. సీఐడీ పుస్తకం వైపు చూడనైనా చూడలేదు.

"చేతిరాత ఎప్పుడైనా రాసుకోవచ్చమ్మా," అన్నాడు.

ఆమె పుస్తకం మూసింది. "అన్నయ్యగారూ, ఒక్క పని చేయండి. వచ్చే సోమవారం మీరే నా పక్కన కూర్చుని చూడండి. అప్పుడూ తప్పు నాదే అని తేలితే ఇంకొకళ్ళు చెప్పక్కర్లేదు, నేనే వెళ్ళిపోతాను," అంది.

"యంత్రానికి మీ మీద పగేముందమ్మా? అది ఉన్నది ఉన్నట్టు చెప్పింది," అని ఆయన లేచాడు.

హెడ్మాస్టరు అడిగిందే తడవుగా సీఐడీ రెండు వాక్యాలు రాసి సంతకం పెట్టాడు. యంత్రంలో ఏ లోపమూ లేదు, శుక్రవారం తర్వాత పదో తరగతి ఫైలుని ఎవరూ మార్చలేదు అని. మర్నాడు తల్లిదండ్రుల మీటింగులో ఆ కాగితం పైకి చదివారు. పంతొమ్మిదేళ్ళు పనిచేసిన మనిషిని అక్కడున్న నూటయాభై మంది ముందే, రేపటినుంచి రావక్కర్లేదు, కమిటీ తేల్చాక చూద్దాం అన్నారు. ఆమె టిఫిను డబ్బా, నీళ్ళ సీసా తీసుకుని వెళ్ళిపోయిందట. శుక్రవారం నుంచి చెల్లెలి కూతురు కూడా బడికి రావడం మానేసింది.

ఈ సంగతి సీఐడీ ఇంట్లో చెప్తే భార్య చేస్తున్న పని ఆపింది. "సుద్దముక్కకి కూడా టైము రాసే మనిషి మార్కులు మింగుతుందా?" అంది. అలాంటివాళ్ళే మింగుతారన్నాడు ఆయన. ఆవిడ ఇంకేం మాట్లాడలేదు. మాట్లాడకపోవడంలో ఆవిడకి మంచి అనుభవం ఉంది.

సోమవారం పొద్దున్నే హెడ్మాస్టరు మళ్ళీ ఫోను చేశాడు. చీటీలు పేరుకుపోయాయి, కొత్తగా కూర్చోబెట్టిన డ్రిల్లు మాస్టారికి అదేమీ అర్థం కావట్లేదు, ఒక్కపూట వచ్చి చేసిపెట్టమన్నాడు. సీఐడీ వెళ్ళి రిజిస్టరక్క కుర్చీలో కూర్చున్నాడు. డ్రిల్లు మాస్టారు చీటీలు చదువుతుంటే పదో తరగతి మార్కులు ఏడు తన చేత్తో దిద్ది, రెండుసార్లు సరిచూసి, భద్రపరచి, మాస్టారికి కుర్చీ అప్పగించి వెళ్ళిపోయాడు.

మంగళవారం పొద్దున్న ఆ ఏడూ లేవు. పాత మార్కులే పళ్ళికిలిస్తున్నాయి. ఫైలు మీద తేదీ చూస్తే మళ్ళీ ఆ పాత శుక్రవారమే.

వేరేవాళ్ళకైతే అక్కడే దీపం వెలిగేది. సీఐడీ బుర్రలో ఇంకో నలుగురు దొంగలు పుట్టారు. గదిలో చివరిదాకా ఉన్నది డ్రిల్లు మాస్టారు. ఆఫీసు గది తాళాలు ఉండేది వాచ్‌మన్ దగ్గర. రెండో కంప్యూటరు ఉన్నది హెడ్మాస్టరు గదిలో. అసలు ఈయనే ఎందుకు చేయించకూడదు? రిజిస్టరక్క దగ్గర దొంగతాళం ఉందేమో? డ్రిల్లు మాస్టారిని నిలబెట్టి ఏం చేశారని అడిగితే ఆయన గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఉలిక్కిపడి, తనేం చేయలేదన్నాడు. సీఐడీ ఆ ముఖాన్ని జ్ఞాపకం పెట్టుకున్నాడు.

ఏడు మార్కులూ మంగళవారమే మళ్ళీ ఎక్కించాడు. బుధవారం చూస్తే ఉన్నాయి. గురువారం ఉన్నాయి. దొంగ జాగ్రత్త పడ్డాడనుకున్నాడు. శనివారం సాయంత్రం హెడ్మాస్టరు మెయిను ఆపాక తనే గదికి తాళం వేయించి, తలుపు సందులో ఒక దారప్పోగు అంటించాడు. అంతకుముందే కీబోర్డు మీద సుద్దపొడి పలచగా చల్లిపెట్టాడు. చూసినవాళ్ళు నవ్వుకున్నారు గానీ ఎదురుగా నవ్వే ధైర్యం ఎవరికీ లేదు.

సోమవారం అందరికన్నా ముందు వచ్చాడు. దారం తెగలేదు. పొడి మీద ఈగ వాలిన గుర్తు కూడా లేదు. ఎవరూ రాలేదు. హెడ్మాస్టరు వచ్చి మెయిను వేశాక కంప్యూటరు వేసి కుర్చీలో కూర్చున్నాడు. అనుమానించడానికి మనిషంటూ మిగలకపోయేసరికి, మొట్టమొదటిసారి ఖాళీగా తెరకేసి చూశాడు. కింద కుడిచేతి మూల తేదీ ఉంది. జనవరి ఒకటి. సంవత్సరం పదకొండేళ్ళ కిందటిది.

కంప్యూటరు కరెంటు లేనప్పుడు కూడా తేదీ, టైము గుర్తుపెట్టుకునేది లోపలి బోర్డు మీదున్న బిళ్ళ బ్యాటరీ వల్ల. అది నీరసించిపోతే, మెయిను ఆపి రెండు రాత్రులు గడిచేసరికి కంప్యూటరుకి కాలం తెలియకుండా పోతుంది, తను తయారైన నాటి పుట్టినరోజు చెప్తుంది. సోమవారం పొద్దున్న ఏ ఫైలు దిద్దినా దాని మీద పదకొండేళ్ళ కిందటి తేదీ పడుతుంది. మర్నాడు పొద్దున్న ఆ ప్రోగ్రాము రెండు ఫైళ్ళూ పోల్చుకుని, హెడ్మాస్టరు గదిలోని శుక్రవారం ఫైలే కొత్తదనుకుని, దిద్దినదాని మీద దాన్ని రాసేస్తుంది. దిద్దిన మార్కులతో పాటు ఆ పాత తేదీ కూడా మాయం. ఇక ఎంత వెతికినా కనిపించేది శుక్రవారమే.

డ్రిల్లు మాస్టారు వచ్చేదాకా ఆయన కుర్చీలోంచి లేవలేదు. మాస్టారు తెర చూసి, పోయినవారం కూడా ఇంతేనండీ, పదకొండింటికి నోటీసు కొడుతుంటే తేదీ తప్పు కనిపించింది, దిద్దేశాను అన్నాడు. మరి అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదంటే, "మీరు అడిగిన తీరుకి నేనే చెడగొట్టానంటారని భయమేసిందండీ," అన్నాడు.

సీఐడీ సొరుగు లాగి పొడుగు పుస్తకం తీశాడు. ఏడాది కిందటి పేజీలో ఉంది. అన్నయ్యగారు కంప్యూటరు బ్యాటరీ మార్చారు, కొత్తది తెప్పించమంటారా అంటే, కొత్తవి నకిలీవి, ఇది నమ్మకమైనది అన్నారు అని. అది మంచం కింది డబ్బాలోదే. ఇక ఈ మధ్యవి. "సోమవారం. తేదీ వెనక్కి పోయింది. అన్నయ్యగారికి ఫోను చేశాను. మీరే ఏదో నొక్కి ఉంటారు, ఇంత చిన్నదానికి ఫోనెందుకు, దిద్దుకోండి అన్నారు. దిద్దాను. 11-40." తర్వాతి సోమవారం, "తేదీ మళ్ళీ పోయింది. ఫోను చేయలేదు. దిద్దాను. 11-25." ఆ తర్వాతి సోమవారం కూడా అదే. పొద్దున్న చేసిన పదో తరగతి పోయింది, తేదీ దిద్దాక చేసినవి నిలిచాయి. ఆమె ముందుకు జరిపిన రోజు ఒక్క పేజీ తిప్పి చూసినా సరిపోయేది. సీఐడీకి సిగ్గేసింది.

మూత విప్పి బ్యాటరీ తీసి మీటరు పెట్టి చూశాడు. మూడు వోల్టులు ఉండాల్సింది, సగం కూడా లేదు.

హెడ్మాస్టరు అంతా విని, లేచి తలుపు దగ్గరగా వేశాడు. యంత్రంలో లోపం ఉందని ఇంకో కాగితం రాసిస్తే ఫైలులో పెట్టుకుంటానన్నాడు. మీ పేరెందుకు, ఆవిడ పేరెందుకు, బడి పరువు కూడా చూడాలి, గాలి చల్లబడ్డాక వేసవి సెలవుల తర్వాత ఆవిణ్ణి స్టోరు రూములో పెట్టుకుందాం అన్నాడు. చెడ్డగా ఏమీ చెప్పలేదు. అందరూ అలాగే చెప్తారు.

సీఐడీ ఇంటికి నడిచొచ్చాడు. దారి పొడుగునా ఒకటే లెక్క. తనని పిలిచే ఇళ్ళలో సగానికి పైగా ఆ బడి పిల్లల తల్లిదండ్రులవే. నకిలీ సామాను వేయడని, చూపు తప్పదని పేరు. ఆ పేరు ఒక్కటే తన అంగడి. అది పదిమందిలో పోతే రేపటినుంచి ఎవరు పిలుస్తారు? కుడితిలో పడ్డ ఎలుకలా ఇల్లు చేరాడు. భార్యకి ఏమీ దాచకుండా చెప్పాడు, అదీ జీవితంలో కొత్తే.

ఆవిడ దెప్పలేదు. "ఆవిణ్ణి అన్నది పదిమందిలో. గదిలో తలుపేసుకుని దిద్దితే సరిపోతుందా?" అని మాత్రం అడిగింది.

రిజిస్టరక్క ఇల్లు ఒక టైలరు కొట్టు మీది రెండు గదులు. కింద కుట్టుమిషను చప్పుడు మెట్లదాకా వినిపిస్తోంది. తలుపు తీసింది ఆమె. "రండి మెకానిక్ గారూ," అంది. లోపల చెల్లెలి కూతురు పుస్తకం ముందు పెట్టుకుని కూర్చుంది. ఆయనని చూడగానే లేచి పక్కగదిలోకి వెళ్ళిపోయింది.

ఆయన నిలబడే చెప్పాడు. బ్యాటరీ, తేదీ, ప్రోగ్రాము, అన్నీ. ఆమె చేతులు కట్టుకుని చివరిదాకా వింది.

"నేను తేదీ ముందే దిద్దుకుని, తర్వాత మార్కులు ఎక్కించి ఉంటే నిలిచేవా?"

"నిలిచేవమ్మా. అది నేను మీకు చెప్పాల్సిన మాట. చెప్పకపోగా కసిరాను."

"పుస్తకం చూడమన్నాను."

"చూడలేదు. తప్పు నాదే."

ఆమె ఏడుస్తుందేమోనని ఆయన భయపడ్డాడు. ఏడవలేదు. "ఆ కాగితం మీటింగులో చదివారు. దీన్ని ఎక్కడ చదువుతారు?" అని అడిగింది.

శనివారం హెడ్మాస్టరు వద్దంటున్నా వినకుండా సీఐడీ తల్లిదండ్రుల మీటింగులో లేచి నిలబడ్డాడు. జేబులోంచి ఆ బిళ్ళ బ్యాటరీ తీసి పట్టుకున్నాడు గానీ వెనకవాళ్ళకి అది కనపడే వస్తువు కాదు.

"ఆవిడ మార్కులు దిద్దింది. దిద్దిన ప్రతిసారీ తుడిపేసింది నేను పెట్టిన ప్రోగ్రాము. అది తుడిపేసేలా చేసింది నేను వేసిన పాత బ్యాటరీ. ఆవిడ నాకు ఫోను చేసి చెప్పింది, నేను వినలేదు. పుస్తకంలో రాసి చూపించింది, చూడలేదు. పోయినసారి ఇక్కడ చదివిన కాగితం తప్పు. దాని మీద సంతకం నాది," అన్నాడు.

ఎక్కడో ఒకాయన, "అయితే మా ఇంట్లో వేసింది కూడా పాతదేనా?" అన్నాడు. నాలుగు వైపులా నవ్వులు లేచాయి. సీఐడీ ఆ నవ్వు ఆగేదాకా నిలబడి, అవునండీ, వచ్చి మారుస్తాను అన్నాడు. తలుపు దగ్గర నిలబడి రిజిస్టరక్క అంతా వింది. ముందు వరసలోవాళ్ళు వెనక్కి తిరిగి చూస్తే ఆమె వాళ్ళ కళ్ళలోకే చూసింది.

సోమవారం ఆమె తన కుర్చీలోకి వచ్చింది. చెల్లెలి కూతురు తరగతిలోకి వచ్చింది. మార్కులన్నీ సరిచేస్తే ఆ పిల్ల మూడో ర్యాంకు మూడోదిగానే ఉంది. సీఐడీ బజారుకెళ్ళి పెట్టె విప్పని కొత్త బ్యాటరీ తెచ్చి వేశాడు. ప్రోగ్రాము మార్చి, పాతదాన్ని తుడిచేసేముందు ఒక ప్రతి దాచేలా చేశాడు. నెలకోసారి తనే వచ్చి చూసి వెళ్తానని మాటిచ్చాడు. పిలుపులు సగానికి సగం తగ్గిపోయాయి, దానికి ఆయన ఎవరినీ ఏమీ అనలేదు.

రెండో నెలలో అన్నమాట ప్రకారం వెళ్ళాడు. ఆమె కుర్చీ తుడిచి పెట్టింది. వరండాలోకి మాత్రం వెళ్ళలేదు, బల్లకి అటువైపు నిలబడింది. ఆయన మూత విప్పబోతూ ఆగాడు. వెనకవైపు మరల తలల మీద కొత్త గీతలున్నాయి. తన స్క్రూడ్రైవరు మొన కన్నా లావైనది ఏదో తిరిగింది. తను బిగించి వెళ్ళాక ఇంకొక చెయ్యి దీన్ని విప్పింది. సుద్దపొడి చల్లిన రోజుల్లోలాగే అనుమానం తలెత్తింది. ఈసారి గొంతు తగ్గించే అడిగాడు.

"దీన్ని ఎవరైనా విప్పారా అమ్మా?"

"నేనే విప్పించాను," అంది ఆమె. దాచాలని చూడలేదు, తడబడలేదు. "పోయినసారి మీరు వెళ్ళిన మర్నాడు ఇంకొకాయన్ని పిలిచి చూపించాను. పని సరిగ్గానే ఉందన్నాడు. ఈసారి కూడా పిలుస్తాను, మీరేమీ అనుకోకండి."

ఆయన అనుకోనన్నాడు. అనుకున్నాడు, చాలా బాధపడ్డాడు కూడా. అయినా మూత విప్పి, ఆమెకి కనపడేలా కంప్యూటరుని కొంచెం అటు తిప్పి పెట్టుకుని పని మొదలుపెట్టాడు.